చక్రం మీద డిగ్రీ గీతలు: టేపుతోనా, డివైడర్‌తోనా?

ఈసారి ఎంచుకున్న ప్రశ్నలన్నీ చక్రం చుట్టూ కోణాల గీతలు పెట్టడం గురించినవే. ఇంజన్ ఫ్లైవీల్ అయినా, జెండాలో చక్రమైనా, ఎడ్లబండి చక్రమైనా లెక్క ఒకటే. తప్పు జరిగేది రెండు చోట్ల. అంచు వెంబడి కొలిచే దూరాన్నీ, గీత నుంచి గీతకు తిన్నగా కొలిచే దూరాన్నీ కలిపేయడం ఒకటి. ఏ వ్యాసం మీద కొలుస్తున్నామో చూసుకోకపోవడం రెండోది.

ప్రశ్న: అయిదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్‌కు ఫ్లైవీల్ మార్చాం. కొత్తదాని మీద టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానం) గీతా లేదు, ఇంజెక్షన్ గీతా లేదు. మాన్యువల్‌లో టీడీసీకి 23 డిగ్రీల ముందు అని ఉంది. ఫ్లైవీల్ వ్యాసం 420 మి.మీ. ఎంత దూరంలో గీయాలి? ఏ పక్కన గీయాలి?
– పంపుసెట్ల మెకానిక్, తెనాలి

అంచు వెంబడి అయితే 84.3 మి.మీ. చుట్టుకొలత 420 × 3.1416 = 1319.5. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 3.665 మి.మీ. వస్తుంది. దాన్ని 23తో గుణించండి.

అయితే వ్యాసాన్ని నమ్ముకోకుండా చేసే పద్ధతి ఇంకా మంచిది. బిల్లు మెషీన్‌లో వాడే కాగితం చుట్ట లాంటి సన్నని పట్టీని అంచు చుట్టూ బిగువుగా చుట్టి, రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పడిన చోట సూదితో రెండు పొరలకూ ఒకేసారి పొడవండి. విప్పి బల్ల మీద పరిచి, రెండు సూది రంధ్రాల మధ్య దూరం స్టీలు స్కేలుతో కొలవండి. ఆ దూరాన్ని 360తో భాగించి 23తో గుణించి, అదే పట్టీ మీద గుర్తు పెట్టి, మళ్లీ ఫ్లైవీల్‌కు చుట్టి దించుకోండి. కాగితం మందం వల్ల చుట్టుకొలత కాస్త ఎక్కువ వచ్చినా, గుర్తు కూడా అదే నిష్పత్తిలో జరుగుతుంది కాబట్టి కోణం చెడదు. దర్జీ టేపు మాత్రం వద్దు, అది సాగుతుంది. అంచుకు తుప్పు, గ్రీజు లేకుండా ముందే తుడవండి.

డివైడర్‌తో అయితే దూరం వేరు. అది తిన్నటి గీత కాబట్టి వ్యాసాన్ని సగం కోణం సైన్‌తో గుణించాలి: 420 × సైన్ 11.5 = 420 × 0.19937 = 83.7 మి.మీ. తేడా అర మిల్లీమీటరు పైచిలుకు, అంటే 0.15 డిగ్రీ. ఈ పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కోణం పెరిగేకొద్దీ మాత్రం తేడా వేగంగా పెరుగుతుంది. ఇదే ఫ్లైవీల్ మీద 90 డిగ్రీలకు అంచు వెంబడి 329.9, తిన్నగా 297.0. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే సుమారు తొమ్మిది డిగ్రీలో అంతకంటే ఎక్కువో తప్పుతుంది. వాల్వు టైమింగ్ గీతలు పెట్టేవాళ్లు పట్టీనే నమ్ముకోవాలి. కాలిక్యులేటర్‌తో చేసేటప్పుడు ముందు సైన్ 30 కొట్టి చూడండి. 0.5 రావాలి. -0.988 వస్తే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చుకోవాలి.

ఇక పక్క సంగతి. బాణం గుర్తు ఇంజన్ బాడీ మీద కదలకుండా ఉండి, గీతలు ఫ్లైవీల్ మీద ఉంటే, 23 గీత టీడీసీ గీత కంటే ముందు బాణం దగ్గరికి రావాలి. కాబట్టి టీడీసీ గీత నుంచి ఫ్లైవీల్ తిరిగే దిక్కుకే 84.3 కొలవాలి. కొన్ని ఇంజన్లకు స్కేలు కవరు మీద, ఒక్క గీత మాత్రం పుల్లీ మీద ఉంటాయి. అక్కడ ఇది తిరగబడుతుంది, ముందు డిగ్రీలు తిరిగే దిక్కుకు ఎదురుగా పడతాయి. ఈ రెండు ఏర్పాట్లనూ కలగలిపి, 23 ముందు పెట్టాల్సింది 23 తర్వాత పెట్టి, ఇంజన్ స్టార్టు కావడం లేదని పంపు విప్పేవాళ్లు ఉన్నారు.

ఇంత లెక్కా టీడీసీ గీత సరిగా ఉంటేనే పనికొస్తుంది. అసలు కష్టం అక్కడే. మీ ఇంజన్ రకానికి స్ట్రోకు 110, కనెక్టింగ్ రాడ్ 234 మి.మీ. అనుకుందాం. టీడీసీకి అటు 2 డిగ్రీలు, ఇటు 2 డిగ్రీలు తిప్పినా పిస్టన్ కదిలేది కేవలం 0.04 మి.మీ. ఫ్లైవీల్ అంచు మీద మాత్రం ఆ నాలుగు డిగ్రీలు 14.7 మి.మీ. కాబట్టి ‘పిస్టన్ పైకొచ్చి ఆగింది’ అని కంటితో చూసి గీత పెడితే, ఆ ఏడెనిమిది మిల్లీమీటర్ల తప్పు మీ 84.3లో కలిసిపోతుంది.

హెడ్ విప్పి ఉంటే డయల్ గేజీతో ఇలా చేయండి. పిస్టన్ పైకొచ్చే చివరి స్థానం నుంచి 5 మి.మీ. కిందికి దిగిన చోట గేజీ సున్నా చేసి, పిస్టన్ పైకి వస్తుండగా ఆ సున్నా దగ్గర ఆపి బాణం ఎదుట ఫ్లైవీల్ మీద ఒక గీత పెట్టండి. తర్వాత టీడీసీ దాటించి కిందికి దింపి, ఇప్పుడు వెనక్కి తిప్పుతూ పిస్టన్‌ను మళ్లీ పైకి తెచ్చి అదే సున్నా దగ్గర రెండో గీత పెట్టండి. రెండుసార్లూ పిస్టన్ పైకి వస్తూ ఉండగానే ఆపాలి. అప్పుడే బిగ్ ఎండ్ బేరింగు వదులు రెండు గీతల్లోనూ ఒకే వైపు ఉంటుంది. రెండు గీతల మధ్య దూరాన్ని పట్టీతో సగం చేస్తే అదే టీడీసీ. 5 మి.మీ. కింద పిస్టన్ డిగ్రీకి సుమారు 0.44 మి.మీ. కదులుతుంది కాబట్టి, గేజీలో 0.05 తప్పు చూసినా 0.1 డిగ్రీకి మించి పోదు.

గీతలు పెట్టాక స్పిల్ పరీక్ష (ఇంజెక్షన్ ఎప్పుడు మొదలవుతోందో పట్టే పరీక్ష) చేసి చూసుకోండి. పంపు డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ తీసి, హోల్డర్ బిగించి, దానికి వంపు పైపు పెట్టండి. రాక్‌ను (పంపులో డీజిల్ మోతాదు మార్చే కడ్డీని) పూర్తి డీజిల్ స్థానంలో ఉంచి, ఫ్లైవీల్‌ను 23 గీతకు చాలా ముందు నుంచి, ఇంజన్ తిరిగే దిక్కుకే, నెమ్మదిగా తిప్పండి. ధార చుక్కలుగా మారి ఆగే క్షణంలో 23 గీత బాణం ఎదుట ఉండాలి. గీత దాటిపోయాక ఆగితే ఇంజెక్షన్ ఆలస్యమవుతోంది, పంపు కింది షిమ్ (పల్చని రేకు) తగ్గించాలి. ముందే ఆగితే షిమ్ పెంచాలి. గీత దాటించేస్తే వెనక్కి తిప్పి సరిచేయకండి. గేర్ల వదులు వల్ల తప్పు చూపిస్తుంది. చాలా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకే రండి. పని అయ్యాక డెలివరీ వాల్వు, స్ప్రింగు తిరిగి పెట్టడం మరవొద్దు.

ప్రశ్న: పాత జీపుకు సెకండ్‌హ్యాండ్ రిమ్ములు కొంటున్నాను. అయిదు బోల్టుల చక్రానికి ఎదురెదురుగా రంధ్రాలు ఉండవు కదా, పీసీడీ (బోల్టు రంధ్రాల కేంద్రాల మీదుగా పోయే వలయం వ్యాసం) ఎలా కొలవాలి?
– నిజామాబాద్

పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.7013తో గుణించండి. హబ్బు మీద స్టడ్లు ఉంటే పని తేలిక. ఒక స్టడ్ బయటి అంచు నుంచి పక్క స్టడ్ బయటి అంచు దాకా వెర్నియర్‌తో కొలిచి, ఒక స్టడ్ వ్యాసం తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం వస్తుంది. పాత జీపులకు పీసీడీ 139.7, అంటే అయిదున్నర అంగుళాలు. అప్పుడు పక్క స్టడ్‌కు 82.1 రావాలి.

టేపుతో కొలిచి కొనకండి. 112 పీసీడీకి పక్క దూరం 65.8, 114.3 పీసీడీకి 67.2. రెండింటికీ తేడా 1.4 మి.మీ. కూడా లేదు. టేపు దీన్ని పట్టదు. దగ్గరి కొలత రిమ్ము ‘కూర్చున్నట్టే’ ఉంటుంది, నట్లు కూడా ఎక్కుతాయి. కానీ స్టడ్లు పక్కకు వంగిన బిగువులో ఉండి, నట్లు వదులవడం, స్టడ్లు తెగడం తర్వాత మొదలవుతాయి. పీసీడీ కలిసినా నడిమి రంధ్రం వ్యాసం, రిమ్ము ఆఫ్‌సెట్ కూడా చూసుకోవాలి.

నాలుగు, ఆరు, ఎనిమిది బోల్టులైతే ఎదురెదురువి నేరుగా కొలిచేయవచ్చు.

ప్రశ్న: బడి గోడ మీద జాతీయ జెండా వేస్తున్నాం. 1800 × 1200 మి.మీ. కొలత. చక్రంలో 24 ఆకులు. చుట్టుకొలతను 24తో భాగించి డివైడర్‌కు పెట్టుకుని తిప్పితే చివర్లో కలవడం లేదు. ఎందుకు?
– డ్రాయింగ్ మాస్టారు, పార్వతీపురం

ఆ కొలత జెండాకు చక్రం వ్యాసం 370 మి.మీ. చుట్టుకొలతలో ఇరవై నాలుగో వంతు 48.43 వస్తుంది. డివైడర్ పెట్టేది తిన్నటి దూరం, అది 370 × సైన్ 7.5 = 48.29. ఒక్కో అడుగుకు తేడా 0.14 మి.మీ. మాత్రమే. కానీ 24 అడుగులకు కలిసి 3.3 మి.మీ. అయింది. మీకు చివర్లో కనిపిస్తున్నది అదే.

48.29ను స్కేలు మీద చూసి డివైడర్‌కు పట్టడం కూడా ఎవరివల్లా కాదు. ఇక్కడ లెక్కే అవసరం లేదు. వ్యాసార్థం 185ను డివైడర్‌కు పెట్టి చుట్టూ వేయండి, సరిగ్గా ఆరు అడుగులకు మొదటి చుక్క మీదికే వస్తుంది. ఒక్కో భాగాన్ని కాంపస్‌తో సగం చేస్తే 12, మళ్లీ సగం చేస్తే 24. ఇలా చేస్తే తప్పు పోగుపడదు, ఎక్కడిది అక్కడే ఆగిపోతుంది. గీతలన్నీ కేంద్రం నుంచి గీయండి. రిమ్ము లోపలి అంచు మీద ఆకుల మధ్య వచ్చే 24 చిన్న బొడిపెలు సరిగ్గా రెండు ఆకుల నడుమ, అంటే 7.5 డిగ్రీల దగ్గర పడాలి. అందుకని ఇంకోసారి సగం చేసి 48 చుక్కలు ముందే పెట్టుకోవడం మేలు. చాలా గోడల మీద ఆకులు లెక్కకు సరిపోతాయి, బొడిపెలు మాత్రం ఎక్కడివో అక్కడ అతికించినట్టు ఉంటాయి.

ప్రశ్న: 210 మి.మీ. పీసీడీ మీద ఏడు హోల్స్ వేయాలి. డివైడింగ్ హెడ్ (పనిని సమాన కోణాల్లో తిప్పే పరికరం) లేదు. ఉంటే ఎలా, లేకుంటే ఎలా?
– లేత్ షాపు, ఆటోనగర్, విజయవాడ

ఏడు కాబట్టి సగాలు చేసే పద్ధతి కుదరదు. లెక్క కట్టాల్సిందే: 210 × 0.43388 = 91.1 మి.మీ. ఆ 0.43388 అనేది 180ని ఏడుతో భాగిస్తే వచ్చే కోణానికి సైన్. షాపు గోడ మీద రాసి పెట్టుకోదగ్గ మరికొన్ని: మూడు హోల్స్‌కు 0.86603, నాలుగుకు 0.70711, అయిదుకు 0.58779, ఆరుకు 0.5, ఎనిమిదికి 0.38268, తొమ్మిదికి 0.34202, పదికి 0.30902, పన్నెండుకు 0.25882. పీసీడీని దీనితో గుణిస్తే పక్క హోల్ దూరం.

లేత్ మీదే పాయింటు టూల్‌తో పీసీడీ వలయం సన్నగా గీయండి. తీసి మార్కింగ్ బల్ల మీద పెట్టి, డివైడర్ 91.1కు పెట్టి చుట్టూ తేలిగ్గా గీతలు వేయండి. అప్పుడే పంచ్ కొట్టొద్దు. చివరి ఖాళీ మిగతావాటి కంటే 1.4 మి.మీ. ఎక్కువ ఉందనుకోండి, డివైడర్‌ను అందులో ఏడో వంతు, అంటే 0.2 పెంచి మళ్లీ తిరగండి. తక్కువ ఉంటే తగ్గించండి. రెండు మూడు తిరుగుళ్లలో కలుస్తుంది. కలిశాకే పంచ్. అలా కాకుండా మొత్తం తప్పును చివరి ఖాళీకే వదిలేయడం మన షాపుల్లో మామూలే. ఆరు బోల్టులు ఎక్కి ఏడోది ఎక్కని ఫ్లాంజికి కారణం అదే.

డివైడింగ్ హెడ్ ఉంటే, 40కి 1 నిష్పత్తి (హ్యాండిల్ 40 చుట్లకు పని ఒక చుట్టు) హెడ్‌లో 40ని 7తో భాగిస్తే 5 చుట్లు, ఇంకా ఏడింట అయిదు వంతులు. 21 రంధ్రాల వలయంలో అది 15 ఖాళీలు. ఖాళీలు లెక్కపెట్టాలి, రంధ్రాలు కాదు. సెక్టర్ చేతుల మధ్య మొదటి రంధ్రంతో కలిపి 16 రంధ్రాలు కనిపించాలి. 15 రంధ్రాలు పెట్టినవాళ్లకు ఏడు హోల్స్ అయ్యాక మిగిలే ఖాళీ 3 డిగ్రీలు, 210 పీసీడీ మీద అయిదున్నర మి.మీ. హ్యాండిల్ ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పండి, దాటితే సగం చుట్టు వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు రండి. ఇదే హెడ్‌లో ఒక చుట్టు 9 డిగ్రీలు కాబట్టి, డిగ్రీల్లో చెప్పిన పనులకు 9తో భాగిస్తే చాలు. 23 డిగ్రీలంటే 2 చుట్లు, 18 వలయంలో 10 ఖాళీలు.

ప్రశ్న: ఇగ్నిషన్ పాయింట్లున్న పాత బండికి మాగ్నెట్ రోటర్ వ్యాసం 110 మి.మీ. గీత 2 మి.మీ. పక్కకు కనిపిస్తోంది. పెద్ద తేడానా?
– ఖమ్మం

2 మి.మీ.ను 57.3తో గుణించి వ్యాసార్థం 55తో భాగించండి. 2.1 డిగ్రీలు. ఈ 57.3 గుర్తుంచుకుంటే ఏ చక్రం మీదైనా మిల్లీమీటర్లను డిగ్రీలుగా మార్చుకోవచ్చు. రోటర్ క్రాంక్ మీదే ఉంటే అవి క్రాంక్ డిగ్రీలే. పాయింట్ల కామ్ సగం వేగంతో తిరిగే షాఫ్టు మీద ఉండి, అక్కడ 2 డిగ్రీలు తేడా కొలిచి ఉంటే, క్రాంక్ దగ్గర అది 4 డిగ్రీలు. మాన్యువల్‌లో రాసేది సాధారణంగా క్రాంక్ డిగ్రీల్లోనే.

ఒక వెసులుబాటు చెబుతాం. 114.6 మి.మీ. వ్యాసంతో ఒక బిళ్ల తిప్పించుకుంటే దాని చుట్టుకొలత 360 మి.మీ., డిగ్రీకి సరిగ్గా మిల్లీమీటరు. మామూలు మిల్లీమీటరు కాగితం పట్టీ చుట్టితే అదే డిగ్రీ స్కేలు. 229.2 వ్యాసం అయితే డిగ్రీకి 2 మి.మీ. ఆర్యభటుడు తన జ్యా (సైన్) పట్టికకు వ్యాసార్థం 3438 అని తీసుకున్నదీ ఇలాంటి సదుపాయం కోసమే. చుట్టూ 21,600 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఉన్న వృత్తానికి, కళ ఒక్కో కొలమానం అయ్యేలా వ్యాసార్థం కడితే వచ్చేది 3438. ఆ పట్టిక కూడా 225 కళల చొప్పున, అంటే 3.75 డిగ్రీలకొకటిగా, 24 విలువలతో ఉంటుంది.

ప్రశ్న: ట్రాక్టర్ ఫ్లైవీల్ చిన్న కిటికీలోంచి మాత్రమే కనిపిస్తుంది. పట్టీ చుట్టే వీలు లేదు. 18 డిగ్రీలు ఎలా పెట్టాలి?
– ఆదోని

రింగ్ గేర్ పళ్లే మీ స్కేలు. ఒక పంటికి సుద్ద పెట్టి, చక్రం ఒక చుట్టు తిప్పుతూ మొత్తం లెక్కపెట్టండి. ఊహించొద్దు, రెండుసార్లు లెక్కపెట్టండి. 126 వచ్చాయనుకుంటే పంటికి 2.857 డిగ్రీలు, 18కి 6.3 పళ్లు. ఆరు పళ్లు లెక్కపెట్టి, పంటి నుంచి పంటికి ఉన్న దూరంలో 0.3 వంతు కలపాలి. ఆ దూరం 9.5 మి.మీ. అయితే 2.9 మి.మీ. కలుపుతారు. పంటి నడిమి నుంచి మొదలుపెడితే పంటి నడిమి దగ్గరే ముగించాలి. స్టార్టర్ పినియన్ తగిలి అరిగిన పళ్ల అంచుల్ని ఆధారం చేసుకోకండి.

ప్రశ్న: బండి చక్రం కుండ (నడిమి దిమ్మ) మీద 12 ఆకులకు తొర్రలు సమానంగానే కొలిచి తొలుస్తున్నాం. పూటీల (బయటి వలయపు చెక్కల) దగ్గరికి వచ్చేసరికి తేడాలు వస్తున్నాయి.
– వడ్రంగి, ఒంగోలు దగ్గర

కుండ వ్యాసార్థం నాలుగున్నర అంగుళాలు, పూటీల దగ్గర వ్యాసార్థం 27 అంగుళాలు అయితే, కుండ మీద 1 మి.మీ. తప్పు అక్కడ 6 మి.మీ. అవుతుంది. దిక్కు మార్చండి. నేల మీదో పలక మీదో పెద్ద వలయం గీసి, వ్యాసార్థంతో ఆరు, సగం చేసి పన్నెండు గుర్తులు పెట్టి, దారం కేంద్రం మీదుగా లాగి ఆ గీతల్ని కుండ మీదికి దించుకోండి. ఇప్పుడు బయట 6 మి.మీ. తప్పితే లోపల పడేది ఒక్క మిల్లీమీటరే. తొర్ర తొలిచేటప్పుడు ఉలి పక్కకు పోతే ఇదంతా వృథా. అందుకే ఆకును తాత్కాలికంగా దించి, దాని కొస బయటి గుర్తు మీద పడుతోందో లేదో చూసి, బిగించే ముందే తొర్ర సరిచేయాలి. ఇనుప పట్టా వేశాక సరిచేయడం ఉండదు.

ప్రశ్న: డిగ్రీ బిళ్ల ప్రింటు తీసి క్రాంక్‌కు బిగించాను. ఒక వైపు ఒక లెక్క, ఎదురు వైపు ఇంకో లెక్క చూపిస్తోంది.
– హైదరాబాద్, బాలానగర్

బిళ్ల కేంద్రం క్రాంక్ కేంద్రంలో లేదు. 90 మి.మీ. వ్యాసార్థం ఉన్న బిళ్ల 1 మి.మీ. పక్కకు కూర్చుంటే కొన్ని చోట్ల 0.6 డిగ్రీ దాకా తప్పు చూపిస్తుంది. బోల్టు వదులుగా దూరే రంధ్రం కోశారేమో చూడండి, షాంకుకు సరిపోయే బుష్ వేయండి. అదీ కుదరకపోతే ఎదురెదురుగా రెండు ముళ్లు పెట్టండి. ఎదురు ముల్లు రీడింగులో 180 తీసేసి, మొదటిదానితో కలిపి సగం తీసుకుంటే పక్కకు కూర్చున్న తప్పు కొట్టుకుపోతుంది.

ప్రింటర్ బొమ్మను మొత్తంగా చిన్నదో పెద్దదో చేస్తే కోణాలకు ఏమీ కాదు. నిలువు ఒకలా, అడ్డం ఒకలా సాగదీస్తేనే చిక్కు. ఒక శాతం తేడా ఉన్నా 45 డిగ్రీల ప్రాంతంలో 0.3 డిగ్రీ పోతుంది, దీన్ని రెండు ముళ్లు కూడా పట్టలేవు. బిగించే ముందు 0–180 గీతనూ, 90–270 గీతనూ స్కేలుతో కొలిచి చూడండి. రెండూ సమానంగా లేకపోతే ఆ ప్రింటు పక్కన పడేయండి.